కిర్రుల డబ్బా

పొద్దున్నే వెనక గది తలుపు తీసేసరికి ఎవరో ఒకరు ఏదో ఒక మోతని చంకలో పెట్టుకుని నిలబడి ఉండేవారు. మిక్సీతో ఒకరు, టేబుల్ ఫ్యానుతో ఒకరు, ఊడదీసిన గేటు మడతబందు సంచిలో వేసుకుని ఇంకొకరు. "పని చేస్తోందమ్మా, కానీ అరిచి చంపుతోంది" అనేవారు. "అక్కడ పెట్టి వెళ్లండి" అనేది కోడలు. వీధంతా ఆమెను లేత్ కోడలు అనే పిలిచేది. తన అసలు పేరు ఇంట్లోవాళ్లకైనా గుర్తుందో లేదో అని ఆమెకే అప్పుడప్పుడు అనుమానం వచ్చేది.

ఇనుమునీ ఇత్తడినీ తిప్పుతూ కోసే ఆ లేత్ మిషను ఆమె తండ్రిది. ఆయన షెడ్డు మూతపడినప్పుడు దాన్ని తుక్కుకి వేయడానికి ఆమెకు చేతులు రాలేదు, పెట్టుకోవడానికి చోటూ లేదు. అప్పుడు అత్తగారు తన కుట్టుమిషను ఉన్న వెనక గదిని ఖాళీ చేసి ఇచ్చేసింది. "నేను వరండాలో కుట్టుకుంటాలే. అక్కడైతే పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ కనబడతారు, నోటికి పనుంటుంది" అంది. అత్తగారి నోటికి పని లేని రోజంటూ ఎన్నడూ లేదు. కూరలమ్మి దగ్గర్నించి కరెంటు మీటరు చూసేవాడి దాకా అందరితో మాట్లాడాల్సిందే. మధ్యమధ్యలో లేత్ మోతని దాటి వినబడేలా "ఓ...య్, పిల్లా!" అని లోపలికి ఒక కేక పెట్టేది. కోడలు స్విచ్చి ఆపి, "వస్తున్నా అత్తయ్యా" అనేది. వెళ్లి చూస్తే పెద్ద పనేమీ ఉండేది కాదు. ఒక కబురు చెప్పాలి, అంతే.

ఇంట్లో ఏది విరిగినా ఆ గదిలోకే వచ్చేది. కారే కుళాయికి కొత్త కాడ, గిన్నె మూతకి ఇత్తడి గుండీ, మామగారి చేతికర్ర జారకుండా కింద పొన్ను, బీరువా కాలికి చక్రం. భర్త బస్సు డ్రైవరు. డిపోలో తోటివాళ్లతో "మా ఇంట్లో ఏదీ కొనం, తిప్పించుకుంటాం" అని గొప్పలు పోయేవాడు.

అయితే వీధివాళ్లు వచ్చేది వస్తువు కోసం కాదు, దాని చప్పుడు తీయించుకోవడం కోసం. అరిగిన పిన్నుని లేత్‌కి బిగించి ఆఖరి కోత పెట్టేటప్పుడు వెంట్రుకంత సన్నటి లోహపు తీగ చుట్టలు చుట్టుకుంటూ ఊడివచ్చేది. దాంతోపాటు ఆ వస్తువు చప్పుడూ ఊడివచ్చేది. ఆ చుట్టని రెండు వేళ్ల మధ్య నొక్కితే పలికేది కూడా. ఆమె వాటిని ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేసి మూత గట్టిగా బిగించేది. వాళ్ల నాన్నా అలాగే చేసేవాడు. తీయించుకుని వెళ్లినవాళ్లే గానీ, మా చప్పుడు మాకిచ్చెయ్యమని వెనక్కి వచ్చినవాళ్లు అప్పటివరకూ లేరు.

చలికాలం వెళ్తూ వెళ్తూ అత్తగారి మాట పట్టుకుపోయింది. ఒక పొద్దున నోరూ ఎడమ పక్కా రెండూ పడిపోయాయి. కుడిచెయ్యి మాత్రం కాస్త కదిలేది. వరండా పక్క గదిలో ఇనప మంచం వేశారు. పడిపోకుండా దానికి పక్కన ఒక కమ్మీ, ఆ కమ్మీ పైకీ కిందికీ వాలేందుకు ఒక పిన్ను. ఆ పిన్ను అరిగిపోయి ఉంది. అత్తగారి కుడిచెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే ఉండేది గనక, పొద్దస్తమానం అది కిర్రుమంటూనే ఉండేది. ముఖ్యంగా లేత్ ఆపిన మరుక్షణం మొదలయ్యేది. ఒక పొడుగు, రెండు పొట్టి. కిర్ర్...ర్, కిర్, కిర్.

కోడలికి ఆ చప్పుడు పంటి కింద రాయిలా ఉండేది. వీధిలో అందరి మోతలూ తీసి, సొంత ఇంట్లో, అదీ మంచాన పడ్డ మనిషి చెవి పక్కన కిర్రు ఉంచడమా? ఆమెకి సిగ్గేసింది. మామగారు కళ్లజోడు మార్పించుకోవడానికి వెళ్లిన పూట చూసుకుని, అత్తగారిని జాగ్రత్తగా అవతలి పక్కకి జరిపి, పిన్ను లాగింది. పిన్ను తిరిగే పాత గొట్టం, బుష్షు, రానంటే కోసి ముక్కలు చేసి తీసింది. కొత్తది ఇత్తడితో తిప్పింది, పిన్నుని సాపు చేసింది, నూనె చుక్క వేసి బిగించింది. కమ్మీ నీళ్లలో చేప కదిలినట్టు కదిలింది. చప్పుడన్నది లేదు.

"చూడండి అత్తయ్యా, ఇక హాయిగా నిద్రపోండి" అంది.

అత్తగారు కమ్మీని కదిపింది. మళ్లీ కదిపింది. తర్వాత కోడలి మొహంలోకి చాలాసేపు చూసి, తల గోడవైపు తిప్పుకుంది. నిద్ర వస్తోంది కాబోలు అనుకుంది కోడలు.

మామగారు కొత్త కళ్లజోడుతో వచ్చి మంచం దగ్గర కూర్చున్నాడు. ఒకప్పుడు సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపిన మనిషి. చీకటి గదిలో మిషను పక్కన గంటలకొద్దీ కూర్చుని చెవి పదును పెట్టుకున్నవాడు, నోరు తక్కువ వాడేవాడు. కమ్మీ మీద చెయ్యి వేశాడు, కదిపాడు.

"నువ్వు తీశావా అమ్మా?"

"అవును మామయ్యా. ఎలా ఉంది?"

ఆయన కమ్మీ మీంచి చెయ్యి తీసేశాడు. "బాగా చేశావు. పనితనమంటే నీదే" అన్నాడు.

ఆ మర్నాటి నుంచీ ఇల్లు మారిపోయింది. అత్తగారు చెంచా నోటి దగ్గరికి వస్తే పళ్లు బిగించేది. పిలిస్తే పలికేది కాదు, చూసేదీ కాదు. ఎవరు గదిలోకి వచ్చినా గోడవైపే మొహం. మామగారు వరండాలో తన కుర్చీలో కూర్చుని, ఉండుండి తల ఎత్తి, ఏదో వినడానికన్నట్టు చెవి పెట్టి, మళ్లీ దించేసుకునేవాడు. ఆయన తిండీ సగానికి వచ్చింది. ఎక్కడో ఏదో పట్టు తప్పిందని కోడలికి తెలుస్తోంది, ఎక్కడన్నది చేతికి అందడం లేదు. మిషనైతే విప్పి చూసేది. మనుషుల్ని ఎలా విప్పుతుంది?

భర్త భయపడి అక్కకి ఫోన్ చేశాడు. ఆడపడుచు పొరుగూళ్లో, కదలలేని ముసలివాళ్లని చూసుకునే ఆసుపత్రిలో నర్సు. వస్తూనే తల్లి నాడి పట్టుకుని చూసింది, కళ్లలోకి చూసింది, చెవి దగ్గర నోరు పెట్టి "అమ్మా, నేనే" అని ఎన్నోసార్లు పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. బయటికి వచ్చి మొహం కడుక్కుని చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడింది.

"నాన్నా, పోయినసారి ఫోనులో అమ్మ అన్నీ అడుగుతోందన్నావు. నీళ్లంటుంది, పక్క తిప్పమంటుంది అన్నావు. ఎలా అడిగేది?"

మామగారు కోడలివైపు ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకున్నాడు. "ఏమోనే. అలా అనిపించేది" అన్నాడు.

"అదే మరి. నీకు అనిపించింది. డాక్టరుగారు మనిషిని పోల్చుకునే స్థితి దాటిపోయింది అంటున్నారు." ఆడపడుచు తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఇక్కడుంచితే తిండి లేక పోతుంది. మా దగ్గర గొట్టం వేసి పెడతారు. నా కళ్లముందుంటుంది. ఎల్లుండి మధ్యాహ్నం వ్యాను వస్తుంది."

"నేనో?" అన్నాడు మామగారు.

"అక్కడ మగవాళ్ల వార్డు లేదు నాన్నా. వారానికోసారి వచ్చి చూడొచ్చు."

ఆడపడుచు చెడ్డది కాదు, చెప్పిందాంట్లో తప్పూ లేదు. భర్త సెలవు దొరక్క ఆ మధ్యాహ్నం డ్యూటీలోనే ఉంటానన్నాడు. నిజానికి చూడలేక పోతున్నాడని కోడలికి తెలుసు.

ఆ రోజు రానే వచ్చింది. ఆడపడుచు తల్లి బట్టలు సంచిలో సర్దుతోంది. కోడలు ఏం చేయాలో తోచక గదికీ వెనక గదికీ మధ్య తిరుగుతోంది. ఇనప రజను గుచ్చుకుంటుందని వెనక గదిలో మందపాటి పనిచెప్పులు వేసుకునేది. అవి వరండా దాకా వేసుకొచ్చి, అత్తగారి గది గడప దగ్గర విడిచేది. అలా విడిచి తలెత్తేసరికి మామగారు కనబడ్డాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఊపుతున్నాడు. పైకీ కిందికీ, పైకీ కిందికీ. నుదుటి మీద చెమట. కమ్మీ మాత్రం మెత్తగా, చప్పుడు లేకుండా కదులుతోంది.

"మామయ్యా! ఏంటిది?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. లేవబోయి, లేవలేక అక్కడే కూలబడ్డాడు.

"ఒక్కసారి పలుకుతుందేమో అని. ఒక్కసారి పలికితే అమ్మాయి నమ్మేది."

"ఏం పలకాలి?"

"మీ అత్తయ్య దాంతోనే కదమ్మా మాట్లాడేది. రెండు పొట్టివైతే నీళ్లు. మూడైతే పక్క తిప్పమని. ఊరికే సన్నగా లాగితే, నేను వచ్చి కూర్చోవాలి."

కోడలు ఆయన ఎదురుగా కింద కూర్చుంది. "మరి నాకెందుకు చెప్పలేదు? ఆ రోజే అడిగితే ఆ రోజే..."

"నీకు తెలుసనుకున్నాం." ఆయన తల దించుకుని చెప్పాడు. "పొద్దున్నించీ రాత్రిదాకా అదే గోల. నీకు విసుగొచ్చి తీసేశావనుకున్నాం. ఆమె కూడా అలాగే అనుకుంది. ఇంత చాకిరీ చేస్తున్నదానివి, నీదీ న్యాయమే కదా. తిరిగి పెట్టమని ఏ మొహంతో అడగను?"

ఏడవడానికి వ్యవధి లేదు. బయట ఆడపడుచు ఫోనులో, "ఆఁ, బయల్దేరారా? సరే, ఎదురుచూస్తుంటాం" అంటోంది.

"లేవండి మామయ్యా. నాతో రండి" అంది.

వెనక గదిలో డబ్బా మూత తీసేసరికి వీధి మొత్తం ఒక్కసారి గది లోపలికి వచ్చినట్టయింది. మూలిగేవి, కీచుమనేవి, గురకపెట్టేవి. కోడలు ఒక్కొక్క చుట్టనీ తీసి నొక్కుతోంది. మామగారు కళ్లు మూసుకుని వింటున్నాడు.

"కాదు. ఇది ఎదురింటి గేటు."

"ఇది?"

"కాదమ్మా. టైలరు మిషను."

"ఇది?"

"పైవాళ్ల ఫ్యాను. కాదు."

ఇంటి ముందు ఏదో బండి ఆగినట్టయింది. ఇద్దరూ బిగుసుకుపోయారు. అది ముందుకు వెళ్లిపోయింది. మళ్లీ డబ్బా. తీసినవన్నీ ఒక పక్క కుప్పపడ్డాయి. ఆమె వేళ్లు కోసుకుపోయి ఎర్రబడ్డాయి. డబ్బా అడుగు కనిపించింది. ఆఖరి చుట్ట నొక్కింది. అది ఎవరి ఇంటిదో గానీ తలుపు.

"కాదు" అన్నాడు మామగారు. ఈసారి ఆయన గొంతులో ఆశ లేదు.

డబ్బాలో లేకపోతే ఎక్కడున్నట్టు? ఆ పూట హడావిడిలో చుట్టని డబ్బాలో వేసినట్టు ఆమెకి గుర్తే లేదు. ఆమె లేత్ కింద వెతికింది, తట్టలో వెతికింది, రజను ఊడ్చి పోసిన మూలంతా చేతులతో గాలించింది. ఇక ఆగలేక మంచం దగ్గర పిన్నైనా లాగి చూద్దామని వరండాలోకి పరుగెత్తింది. ఆడపడుచు సంచి జిప్పు లాగుతూ ఆమెను చూసి మండిపడింది.

"ఇప్పుడు కూడా ఆ మిషనేనా? మా అమ్మని తీసుకెళ్తుంటే ఒక్కపూట మానలేవా? ఆ చెప్పులొకటి, నడిచినప్పుడల్లా కిర్రు కిర్రు! నేను గొంతు పగిలేలా పిలిస్తే చూడదు గానీ, నీ చెప్పుల చప్పుడుకి మాత్రం కళ్లు తిప్పి గుమ్మంవైపు చూస్తుంది మా అమ్మ!"

కోడలు నిలబడిన చోటే ఆగిపోయింది. నెమ్మదిగా ఒక అడుగు వేసింది. కిర్. వెనక నుంచి వస్తున్న మామగారు గోడ పట్టుకున్నాడు.

"నా చెవుల భ్రమనుకున్నా ఇన్నాళ్లూ" అన్నాడు.

ఆమె అక్కడే కింద కూర్చుని చెప్పు తిప్పింది. అడుగున, మడమ దగ్గర, రబ్బరులోకి దిగబడి మెరుస్తోంది. పట్టకారుతో కొస పట్టుకుంది. నలిగిపోయి ఉంది, గట్టిగా లాగితే తెగుతుంది. మెలిక మెలికగా తీసింది. బయటికి రాగానే అది అరచేతిలో సన్నగా మూలిగింది.

"అదే" అన్నాడు మామగారు. "అదేనమ్మా."

"ఏంటి నాన్నా ఇదంతా?" అంది ఆడపడుచు.

"వ్యాను వచ్చేదాకా మా జోలికి రాకు" అన్నాడాయన. తండ్రి అంత గట్టిగా మాట్లాడడం ఆమె ఎప్పుడూ వినలేదు.

ఇక మిగిలింది పిన్ను. కొత్త బుష్షు బిర్రుగా ఉంది. అందులో ఆ చుట్ట పట్టి పలకాలంటే పిన్ను కాస్త వదులుగా ఉండాలి, అంటే కావాలని తప్పు చేయాలి. కోడలు కడ్డీ బిగించి తిప్పింది. తీసి చూస్తే అచ్చం సరిపోయింది. ఒళ్లు మండింది. ఇంకొకటి తిప్పింది. అదీ అంతే, గాలి దూరేంత సందు లేదు. వదులు చేద్దామని మనసు అంటోంది, కొలత దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోతోంది. చిన్నప్పుడు వదులుగా తిప్పిన ప్రతి ముక్కనీ నాన్న ఆమె కళ్లముందే తుక్కులో పడేసేవాడు. ఆ చేతికి చెడగొట్టడం నేర్పినవాళ్లు లేరు.

వీధి చివర హారన్ మోగింది.

"నావల్ల కావట్లేదు మామయ్యా" అంది. ఈసారి కన్నీళ్లు ఆగలేదు. "రండి, ఈ చక్రం మీరు తిప్పండి. ఎంత వదులు కావాలో మీ చెవికే తెలుసు."

"నాకేం వచ్చు ఇది?"

"రాదనే పిలుస్తున్నా."

ఆయన చెయ్యి చక్రం మీద పెట్టాడు. ఆమె పక్కకి తిరిగి నిలబడింది. చూస్తే సరిదిద్దేస్తుందని ఆమెకి తెలుసు. కోత గీరుకుంటూ, తడబడుతూ సాగింది. వింటుంటే ఆమెకి ఒళ్లు జలదరించింది. ముందు గదిలో మగగొంతులు వినబడుతున్నాయి. స్ట్రెచరు చక్రాలు గడప ఎక్కుతున్నాయి.

"చాలు" అన్నాడు మామగారు.

వంకరగా, వదులుగా, గీతలుపడి ఉంది ఆ పిన్ను. ఆమె జన్మలో చూసిన పిన్నులన్నింట్లోకీ అధ్వాన్నమైనది. దానికి ఆ నలిగిన చుట్టని చుట్టి, గుప్పిట్లో పట్టుకుని పరుగెత్తింది.

గదిలో వ్యానువాళ్లిద్దరూ దుప్పటి అంచులు పట్టుకుని ఉన్నారు. "ఒక్క నిమిషం బాబూ, ఒక్కటంటే ఒక్క నిమిషం" అని ఆమె వాళ్ల మధ్యలోంచి దూరింది. పాత పిన్ను లాగింది, నూనె తుడిచింది, కొత్తది దూర్చి అరచేత్తో కొట్టింది. తర్వాత అత్తగారి కుడిచేతిని తీసి కమ్మీ మీద పెట్టింది. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది.

"అత్తయ్యా, విసుగొచ్చి తీయలేదు. ఒట్టు, విసుగొచ్చి తీయలేదు. మీరు మాట్లాడుతున్నారని నాకు తెలీదు."

అత్తగారు గోడవైపే చూస్తోంది. చెయ్యి కదల్లేదు. వ్యానువాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఆడపడుచు మరదలి భుజం మీద చెయ్యి వేసి, "ఇక లే అమ్మా" అంది. ఈసారి ఆ గొంతులో కోపం లేదు. జాలి ఉంది.

మంచం కిర్రుమంది.

ఒక్కసారే, పొట్టిగా. ముసలామె వేళ్లు ఆగిపోయాయి. తన చెవిని తనే నమ్మనట్టు మళ్లీ కదిపింది. కిర్. అప్పుడు తల నెమ్మదిగా గోడవైపు నుంచి ఇటు తిరిగింది. గదిలో ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చింది. కూతుర్నీ, తన ముసలాయన్నీ, దుప్పటి పట్టుకున్న కొత్తవాళ్లనీ. ఆఖర్న చూపు కోడలి దగ్గర ఆగింది. వేళ్లు కమ్మీని పట్టుకున్నాయి.

కిర్ర్...ర్, కిర్, కిర్.

ఒక పొడుగు, రెండు పొట్టి. రోజంతా వినీ వినీ తాను పళ్లు కొరుక్కున్నది. లేత్ ఆపగానే మొదలయ్యేది.

"ఇది మీరు చెప్పలేదు మామయ్యా" అంది కోడలు. "ఇదేమిటి?"

మామగారు జవాబు చెప్పేలోపే ఆడపడుచు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమెకి ఏ గుర్తులూ తెలియవు. పెళ్లయి వెళ్లేదాకా ఈ ఇంట్లో పెరిగింది, తననీ అలాగే పిలిచిన ఆ కేక ఎన్నిసార్లు వినలేదు గనక.

"ఓ...య్, పిల్లా" అంది ఆడపడుచు మెల్లగా. "అమ్మ నిన్ను పిలుస్తోంది."

కమ్మీ మళ్లీ పలికింది. అదే పిలుపు. కాస్త విసుగ్గా కూడా ఉంది, ఎన్నిసార్లు పిలవాలే అన్నట్టు. ఆడపడుచు వ్యానువాళ్ల చేతుల్లోంచి దుప్పటి అంచు తీసుకుని, తల్లి కాళ్ల మీద కప్పి, వెళ్లిపొమ్మని వాళ్లకి సైగ చేసింది. స్ట్రెచరు ఎలా వచ్చిందో అలాగే ఖాళీగా గడప దిగింది.

కోడలు మంచానికి ఆనుకునే ఉంది, అంతకన్నా దగ్గరికి రావడానికి చోటు లేదు. అయినా కళ్లు తుడుచుకుని, ఎప్పుడూ వెనక గదిలోంచి అరిచినట్టే గట్టిగా అంది.

"వస్తున్నా అత్తయ్యా."